అకాండ్రోప్లేజియా ఉన్న పాపకు ఎముకలు పొడిగించే ఆపరేషన్ ఎప్పుడు, దేనికోసం చేయించాలి?

ప్రశ్న (ఖమ్మం నుంచి ఒక తల్లి):
మా పాపకు తొమ్మిదేళ్లు. మా ఇద్దరిదీ మామూలు ఎత్తే అయినా, పాపకు అకాండ్రోప్లేజియా (జన్యుమార్పు వల్ల చేతులు, కాళ్ల ఎముకలు పొట్టిగా ఉండిపోయే మరుగుజ్జుతనం) ఉందని పుట్టిన కొద్ది నెలలకే తేలింది. రింగులు బిగించి కాళ్లు పొడిగించే ఆపరేషన్ చేయించమని బంధువులు పట్టుబడుతున్నారు. పాప ఎత్తు గురించి ఎన్నడూ అడగలేదు. బడిలో కుళాయి అందడం లేదనీ, జడ తానే వేసుకోలేకపోతున్నాననీ మాత్రం అంటుంది. అనుభవమున్నవారు దయచేసి చెప్పగలరు.

జవాబు 1 (ఫిజియోథెరపిస్టు):
అమ్మా, ఇది ఇలిజరోవ్ అనే వైద్యుడు సైబీరియాలోని కుర్గాన్‌లో 1950ల నుంచి తీర్చిదిద్దిన పద్ధతి. ఎముకను కోసిన తరువాత దాదాపు వారం ఆగి, రోజుకు సుమారు 1 మిల్లీమీటరు చొప్పున, అదీ పావు మిల్లీమీటరు వంతున నాలుగు విడతలుగా, కోసిన ముక్కల మధ్య ఎడం పెంచుతారు. ఆ ఎడంలో కొత్త ఎముక పుడుతుంది. 5 సెంటీమీటర్లకు 50 రోజులే అనిపిస్తుంది గానీ, ఆ ఎముక గట్టిపడేవరకు, అంటే సెంటీమీటరుకు నెలకు పైగా, రింగులు ఉండవలసిందే. కండరాలూ నరాలూ ఎముకతో సమానంగా సాగవు కనుక, రోజూ వ్యాయామం చేయించకపోతే మోకాలు బిగుసుకుపోతుంది, మడమ నేలకు ఆనదు. ఇంట్లో ఒకరు పూర్తిగా పాపకే కేటాయించగలరా అన్నది ముందు తేల్చుకోండి.

జవాబు 2 (అకాండ్రోప్లేజియా ఉన్న ఉద్యోగిని):
మీ పాప చెప్పిన రెండు ఇబ్బందుల్లోనూ చేయి అందకపోవడమే ఉందని గమనించారా? కాళ్లు ఎంత పొడిగించినా జడ దగ్గరకు చేయి చేరదు. భుజం నుంచి మోచేతి వరకు ఉండే ఎముకను పొడిగిస్తే జడ వేసుకోవడం, మరుగుదొడ్డిలో శుభ్రం చేసుకోవడం వంటి పనులు సులువవుతాయి. అయితే అక్కడి నరం దెబ్బతిని మణికట్టు వాలిపోయే ప్రమాదం గురించి తప్పక అడగండి. కుళాయికి మాత్రం ఆపరేషన్ అక్కర్లేదు, ఒక పీట చాలు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం మరుగుజ్జుతనాన్ని వైకల్యంగా గుర్తించింది కనుక, ఆ సదుపాయం కల్పించమని బడిని గట్టిగా అడగవచ్చు.

జవాబు 3 (చేయించిన ఒక తండ్రి):
మా అబ్బాయికి మోకాళ్ల కింద చేయించాము. రింగులను ఎముకకు బిగించే పిన్నులు దిగిన చోట చీము పట్టకుండా రోజూ శుభ్రం చేసేవాళ్లం. రింగుల మీదుగా తొడగడానికి పైజామా పక్క కుట్లు విప్పి నాడాలు కుట్టించాము. వాడు ఒప్పుకొన్నాకే మొదలుపెట్టాము గనుక ఏడుస్తూనైనా వ్యాయామం మానలేదు. ఏ వయసులో చేయాలన్న దానిపై వైద్యుల్లోనే ఏకాభిప్రాయం లేదు. మీ పాపకు ఇంకా సమయముంది. ఈలోగా వెన్నుపాము మీద ఒత్తిడి ఉందేమో పరీక్ష చేయించండి, కాళ్లు విల్లులా బయటికి వంగి ఉంటే అదీ చూపించండి. 2021లో అమెరికా, ఐరోపాలలో అనుమతి పొందిన వోసోరిటైడ్ అనే, ఎముకల ఎదుగుదలకు తోడ్పడే రోజువారీ ఇంజెక్షన్ ఎముకలు ఇంకా ఎదుగుతున్న వయసులోనే పనిచేస్తుంది కాబట్టి, దాని గురించి జన్యువైద్య నిపుణుణ్ణి ఇప్పుడే అడగడం మంచిది.