ఉగాండా యాత్రలు: టికెట్ల డబ్బు అక్కడికే పంపేస్తే పోదా?

ఆనంద్_టెక్సాస్
అందరికీ వందనాలు. జూన్‌లో మా తెలుగు సంఘం నుంచి ఉగాండా వెళ్లొచ్చాం. జింజా దాటాక ఒక పల్లెలో చర్చివాళ్లు నడిపే బడికి రంగులు వేశాం, పిల్లలకు వీబీఎస్ (సెలవుల బైబిలు బడి) పెట్టాం, సాయంత్రాలు ఇంటింటికీ వెళ్లి ప్రార్థన చేశాం. ఇప్పుడు డిసెంబరు టీంకి పేర్లు రాసుకుంటుంటే సంఘంలోనే కొందరు అడ్డం తిరిగారు. ఒక్కో టికెట్టు పదిహేను వందల డాలర్లు దాటింది, అదేదో అక్కడికే పంపేస్తే పోయేది కదా అంటున్నారు. వెళ్లాలనే నేనంటాను. యెరూషలేము పేదల కోసం పౌలు చందా పోగుచేసి, మనుషుల చేతికిచ్చే పంపాడు. మీరేమంటారు?

కొండపి_బిడ్డ
వందనాలు బ్రదర్. జింజాలో రంగులేసేవాళ్లు దొరకరా?

ఆనంద్_టెక్సాస్
దొరుకుతారు సిస్టర్. కానీ మన పిల్లలు ఒళ్లు వంచి సేవ చెయ్యడం నేర్చుకోవాలి కదా.

కంపాలా_తెలుగు
నేను ఇక్కడ హార్డ్‌వేర్ షాపులో పనిచేస్తున్నా. ఇలాంటి టీంలు మా దగ్గరే పెయింటు కొంటాయి. వాళ్లు విమానం ఎక్కాక ఆ స్కూలు హెడ్మాస్టరు మళ్లీ వస్తాడు, ఇంకో చిన్న డబ్బా కోసం. కిటికీ అంచులు, తలుపుల పైభాగం అన్నీ వదిలేసి పోతారు. మనిషిని పెట్టి దిద్దించుకుంటాడు.

ఇంకో సంగతి. ఈ దేశంలో నూటికి ఎనభై మందికి పైగా క్రైస్తవులే. 1886లో కంపాలా దగ్గర నముగొంగోలో రాజు ఆజ్ఞతో సజీవంగా కాల్చేసిన క్రైస్తవ హతసాక్షుల్ని తలుచుకుంటూ ఏటా జూన్ 3న లక్షల మంది అక్కడికి వస్తారు, రోజుల తరబడి నడిచి వచ్చేవాళ్లూ ఉంటారు. వీళ్లకు మనం కొత్తగా చెప్పే సువార్త ఏంటి?

రూతు_సికింద్రాబాద్
మధ్యలో అడుగుతున్నా, ఏమనుకోకండి. ఎల్లో ఫీవర్ టీకా తప్పనిసరా?

కంపాలా_తెలుగు
తప్పనిసరి అమ్మా. ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోండి. ఆ కార్డు లేకుండా తిరిగొస్తే ఇండియాలో దిగగానే క్వారంటైన్.

నెల్లూరు_మాస్టారు
ఆఫ్రికాకు మిషనరీని పంపడం మనకు కొత్తేం కాదు. 1903లో జాన్ రంగయ్య గారు మన నెల్లూరు నుంచే దక్షిణాఫ్రికాలోని నాటాల్ వెళ్లారు. చెరకు తోటల్లోకి, టీ తోటల్లోకి కూలీలుగా పోయిన మన తెలుగువాళ్లకు కాపరి కావాలంటే ఇక్కడి తెలుగు బాప్టిస్టులు తమ కానుకలతో ఆయన్ని పంపారు. ఆ ఏడాది చివర్లోనే అక్కడి కియర్స్నీలో సంఘం కట్టారు. ఆయన అక్కడే బతికారు, అక్కడే పోయారు. మీ యాత్రలో ఉండటం ఏదీ? వెళ్లడం, రావడం, అంతే.

డబ్బు పంపేస్తే పోయేది అన్నవాళ్లతోనూ నేను కలవను. కెన్యా ప్రెస్బిటేరియన్ సంఘ పెద్ద జాన్ గాటు 1971లో మిషనరీల్నే కాదు, విదేశీ డబ్బును కూడా కొంతకాలం ఆపమన్నారు. మా కాళ్ల మీద మమ్మల్ని నిలబడనివ్వండి అన్నది ఆయన వాదం.

ఆనంద్_టెక్సాస్
మాస్టారూ, ఉద్యోగాలు, ఇంటి లోన్లు ఉన్నవాళ్లం, అక్కడే ఉండిపొమ్మంటే ఎట్లా? అసలు అందరూ గోడల దగ్గరే ఆగిపోయారు. ఒక ఇంట్లో ముసలమ్మ మా ముందు మటోకే (ఉడికించిన పచ్చి అరటి ముద్ద), వేరుశనగ పులుసు పెట్టింది. తినేదాకా కూర్చోలేదు. వస్తుంటే కాళ్లు కట్టిన కోడిని తెచ్చి మా అమ్మాయి చేతుల్లో పెట్టింది. వద్దంటే పాస్టర్ గారు ఆపారు, తీసుకోకపోతే ఆమెను చిన్నబుచ్చినట్టు అన్నారు. డబ్బు పంపితే ఈ కోడి వస్తుందా?

కొండపి_బిడ్డ
మరి కోడి మీకొచ్చింది. ఆమెకేం వచ్చింది?

నేను గోడల దగ్గరే ఆగుతా బ్రదర్, కారణం ఉంది. 1876 కరువులో ఒంగోలు అమెరికన్ మిషనరీ క్లౌ దొర ఏం చేశాడు? బకింగ్‌హాం కాలువ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని మన జనానికి కూలి ఇప్పించాడు. తవ్వడానికి అమెరికా నుంచి కుర్రాళ్లను దించలేదు. కరువు తీరేదాకా బాప్తిస్మమూ ఇవ్వలేదు. తిండి కోసం వచ్చారన్న మాట వాళ్ల మీద పడకూడదని. తీరాకే, 1878 జులైలో, ఒక్కరోజే 2,222 మందికి ఇచ్చారు. జింజా పెయింటరుకు రావాల్సిన కూలిని మీ పిల్లల సేవ తినేసింది.

ఆనంద్_టెక్సాస్
తినేసింది అంటారా? సొంత సెలవులు, సొంత డబ్బు పెట్టుకుని వెళ్లినవాళ్లని ఆ మాట అనొచ్చా? మీరు ఎప్పుడైనా ఎవరికైనా ఏమైనా చేశారా?

నెల్లూరు_మాస్టారు
బాబూ ఆనంద్, ఆడబిడ్డతో ఆ మాట తగదు.

కొండపి_బిడ్డ
ఉండండి మాస్టారూ, నేనే చెబుతా. మా అక్కవాళ్లది వీళ్ల సంఘమే. ఫొటోలు నాకూ వచ్చాయి. ముక్కు కారుతున్న పిల్లాడు, చొక్కాకి గుండీల్లేవు, పక్కన మీ పిల్లలు నవ్వుతూ. కింద 'వీళ్లకు ఏమీ లేదు, అయినా ఎంత సంతోషమో' అని రాశారు.

నేను మిషన్ హాస్టల్లో పెరిగాను. దొరసానులు వచ్చే రోజు మాకు మంచి గౌన్లు ఇచ్చేవారు కాదు, పాతవే వేసుకోమనేవారు. ఫొటో కోసం నంబరున్న పలక పట్టుకుని నిలబడాలి. మా అమ్మ బతికే ఉంది, ఊళ్లో పొగాకు బేరన్లో పనిచేస్తోంది. ఫొటో వెనక మాత్రం తల్లిలేని పిల్ల అని రాశారు. ఆ అన్నం తిన్నాను, చదువుకున్నాను, కాదనను. కానీ ఆ ఫొటో ఎవరింటి గోడ మీద ఉందో ఈనాటికీ నాకు తెలీదు. ఆ పిల్లాడి తల్లిని అడిగారా మీరు?

ఆనంద్_టెక్సాస్
సిస్టర్, మా నాన్న కూడా అదే హాస్టళ్ల మనిషి. ఊళ్లో మంచినీళ్ల బావి దగ్గర దోసిలి పట్టి నిలబడి, ఎవరో పైనుంచి పోస్తే తాగాడు. చర్చిలో దొర బట్టలు ఇస్తే కట్టుకున్నాడు. ఇచ్చే వరసలో మా వంశంలో ఎవరూ నిలబడలేదు. నా బిడ్డ నిలబడింది. అది మానుకోమంటున్నారు మీరు, నాకు వినపడేది అదే.

కొండపి_బిడ్డ
ఇవ్వొద్దని నేనన్లేదు. మీ నాన్నకు పైనుంచి పోసినట్టు పొయ్యొద్దంటున్నా.

కంపాలా_తెలుగు
ఆనంద్ గారూ, ఇక్కడ 1997 నుంచి ప్రభుత్వ ప్రైమరీ బడుల్లో ఫీజు తీసేశారు. అయినా యూనిఫాం, నోటుబుక్కులు, మధ్యాహ్నం తిండి ఖర్చు తల్లిదండ్రులదే. అక్కడే పిల్లలు బడి మానేస్తారు. వచ్చేముందు ఆ తల్లుల్ని కూర్చోబెట్టి ఏం కావాలో అడగండి. పాస్టర్ని అడిగితే రమ్మనే అంటారు, రావొద్దంటే రేకుల షెడ్డుకు డబ్బు ఎవరిస్తారని ఆయన భయం.

ఆనంద్_టెక్సాస్
ఫొటోల సంగతి, పెయింటు సంగతి ఆదివారం కమిటీలో పెడతాను. డిసెంబరు ప్రయాణం మాత్రం ఆపను. మా అమ్మాయి పేరు మొదట రాశాను.

కొండపి_బిడ్డ
ఆ తల్లులు ఏమన్నారో ఇక్కడ రాయండి. అప్పటిదాకా మా అక్కవాళ్లను చందా వెయ్యొద్దనే చెబుతాను.