అప్‌డేట్: క్లాసులో అందరి ముందు 'మొద్దు' అని పిలిచే సార్ విషయం తేలింది

కడప దగ్గర ప్రభుత్వ హైస్కూల్లో ఏడో తరగతి చదివే మా వాడిని లెక్కల సార్ రోజూ 'మొద్దు' అంటూ క్లాసు బయట నిలబెడుతున్నారని, ఏం చేయాలని అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్.

పనిచేసింది ఫిర్యాదు రాసి ఇమ్మన్న సలహానే. 2009 విద్యాహక్కు చట్టం సెక్షన్ 17 పిల్లల్ని కొట్టడంతో పాటు మానసికంగా వేధించడాన్ని కూడా నిషేధిస్తుంది, మీరితే సర్వీసు రూల్స్ ప్రకారం చర్య ఉంటుంది. ఈ ముక్కలు రాసి హెచ్‌ఎం మేడమ్‌కిచ్చి, కాపీ మీద సంతకం తీసుకున్నాను. ఆమె సార్‌నీ మమ్మల్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టి మాట్లాడారు. అప్పుడు తెలిసింది, వెనక బెంచీ పిల్లలు సార్ నడకను వెక్కిరిస్తుంటే ఆ కోపం మా వాడి మీద పడేదట. అదీ తప్పే, వాళ్లచేత సారీ చెప్పించారు. కానీ ముందు మారాల్సింది పెద్దవాళ్లేనని నేను గట్టిగానే అన్నాను. ఇప్పుడు సార్ పేరు పెట్టే పిలుస్తున్నారు, వాడు బడికి పోనని ఏడవడం లేదు.

వాడి క్లాసు సెక్షన్ మార్చడం, టీసీ తీసుకోవడం అవసరం రాలేదు. పిల్లల హెల్ప్‌లైన్ 1098 దాకా కూడా పోలేదు, అయితే మీ పిల్లల్ని కొడుతుంటే మాత్రం ఆ నంబరుకు ఫోన్ చేయడానికి వెనకాడకండి.