ఆపరేషన్ అయిన రాత్రే గినీ పిగ్‌కి సిరంజితో తినిపించాలా, తెల్లారేదాకా ఆగాలా?

మోడరేటర్ (విజయవాడ)
ఆడ గినీ పిగ్‌కి గర్భసంచి, అండాశయాలు తీయించినా, మగదానికి వృషణాలు తీయించినా మొదటి రాత్రి గురించి రెండు మాటలు వినపడుతూనే ఉన్నాయి. ఇంటికి రాగానే గడియారం పెట్టుకుని సిరంజితో తినిపించమనేది ఒకటి. తెల్లారేదాకా దాని జోలికి పోవద్దనేది రెండోది. లెక్క కోసం 900 గ్రాముల ఆడది, మధ్యాహ్నం ఆపరేషన్, సాయంత్రం 6కి ఇంటికి తెచ్చారు, ఇంట్లో జతగా ఇంకో ఆడది ఉంది అనుకోండి. మందుల మోతాదు మాత్రం మీ డాక్టర్ రాసిందే. ఇక్కడ చదివి ఎవరూ మార్చొద్దు.

పటమటలంక
తినిపించాల్సిందే. ఇది కుక్కా కాదు, పిల్లీ కాదు, ఒక పూట పస్తుంటే ఏమవుతుందిలే అనుకోడానికి. పీచు లోపలికి పోతుంటేనే దీని పేగు కదులుతుంది. పోవడం ఆగితే కదలిక మందగిస్తుంది, గ్యాస్ పడుతుంది, ఆ నొప్పికి ఇంకా తినదు. ఒళ్లు చేసినవాటికైతే కాలేయానికి కొవ్వు పట్టే ముప్పు కూడా ఉంది.

లెక్క ఇదీ. క్రిటికల్ కేర్ లాంటి పొడి (తిండి మానేసిన గడ్డి తినే జంతువులకి నీళ్లలో కలిపి సిరంజితో పట్టేది) ఒక వంతు, గోరువెచ్చని నీళ్లు రెండు వంతులు. అసలేమీ తినని జంతువుకి కిలో బరువుకి రోజుకి 50 నుంచి 80 మి.లీ. కావాలి. 900 గ్రాములంటే 45 నుంచి 72. ఐదు సార్లుగా పంచితే విడతకి 9 నుంచి 14. మొదటి రాత్రి అంత పట్టదు కాబట్టి రాత్రి 8, 11, 2, 5 గంటలకి నాలుగైదు మి.లీ. చొప్పున పెట్టండి. ఈ పొడి అన్ని పెట్ షాపుల్లోనూ దొరకదు, ఆపరేషన్ తేదీ ఖాయం కాగానే ఆన్‌లైన్‌లో తెప్పించుకోండి.

బ్రాడీపేట గరిక (గుంటూరు)
పటమటలంక గారూ, మీ లెక్క తప్పని అనను. ఆ లెక్క అసలు తినని జంతువుకి. ఆపరేషనైన ప్రతిదాన్నీ ఆ కోవలో వేసేస్తున్నారు, అక్కడే నా పేచీ. మత్తు పూర్తిగా దిగనిదానికి నోట్లో పోస్తే గొంతు దిగదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పొట్టమీద కుట్లున్నదాన్ని మూడు గంటలకోసారి పట్టుకుని నొక్కితే ఆ బెదురుకే తిండి మానేస్తుంది.

ముందు దాని ఎదురుగా తిండి పెట్టి చూడండి. గరిక, కొత్తిమీర, టిమోతీ గడ్డి (గినీ పిగ్స్‌కి, కుందేళ్లకి పెట్టే ఎండుగడ్డి). గరిక వినాయకుడి పూజకి కట్టలు కట్టి అమ్ముతారు, తెచ్చాక రెండు మూడు నీళ్లలో కడిగి ఆరబెట్టాలి. రోడ్డు పక్కదీ, మందు కొట్టిన గట్లమీదదీ వద్దు. మూతి దగ్గరికి ఒక్కో పరకే అందిస్తే చాలావరకు నములుతుంది. అలా నమిలేదానికి సిరంజి ఎందుకు?

కుట్లు_కట్లు
ఇద్దరూ తిండి దగ్గరే ఆగిపోయారు. తినకపోవడానికి మొదటి కారణం నొప్పి. నొప్పి మందు మెలాక్సికామ్ చుక్క పడకుండా ఎంత గడ్డి పెట్టినా ముట్టదు, ఎంత పిండి పట్టినా పేగు కదలదు. ఆస్పత్రి నుంచి కదిలే ముందే అడగండి: నొప్పి ఇంజెక్షన్ ఎన్నింటికి ఇచ్చారు, ఇంట్లో తర్వాతి మోతాదు ఎన్నింటికి, ఎన్ని రోజులు. ఈ మూడూ కాగితం మీద రాయించుకోండి.

జనం తరచూ బోల్తా పడేది సీసా దగ్గర. మెలాక్సికామ్ సస్పెన్షన్ మి.లీ.కి 0.5 మి.గ్రా.దీ ఉంటుంది, 1.5 మి.గ్రా.దీ ఉంటుంది. "0.3 మి.లీ. పట్టండి" అన్న చీటీ ఒక సీసాకి రాసింది, ఇంట్లో ఉన్నది ఇంకో సీసా అయితే మందు మూడింతలు పడుతుంది, లేదా మూడో వంతే పడుతుంది. రెండోది సిరంజి. ఇన్సులిన్ సిరంజి మీద గీతలు మి.లీ.లు కావు, యూనిట్లు. 40 యూనిట్ల రకంలో 0.1 మి.లీ. అంటే 4 యూనిట్ల గీత, 100 యూనిట్ల రకంలో 10 యూనిట్ల గీత. ఈ తికమక ఎందుకు, మెడికల్ షాపులో 1 మి.లీ. ట్యూబర్‌క్యులిన్ సిరంజి అడగండి, సూది తీసేసి వాడుకోండి.

యాంటీబయాటిక్ పేరు కూడా చదవండి. అమాక్సిసిలిన్, ఆంపిసిలిన్, క్లిండామైసిన్, ఎరిత్రోమైసిన్ నోటి ద్వారా ఇస్తే పేగులోని మంచి బ్యాక్టీరియా చచ్చి విషం పుట్టించే క్లాస్ట్రిడియం పెరుగుతుంది, ప్రాణం మీదికొస్తుంది. గినీ పిగ్స్‌కి మామూలుగా రాసేవి ఎన్రోఫ్లాక్సాసిన్, ట్రైమెథోప్రిమ్-సల్ఫా. కుక్కలకి రోజూ రాసే సిరప్ అలవాటుగా చీటీలో పడిపోతే అక్కడే గుర్తు చేయండి, మొహమాటపడకండి.

మిక్సీజార్
క్రిటికల్ కేర్ అందకపోతే? సెర్‌లాక్, గంజి, పెరుగన్నం పెట్టేవాళ్లు ఉన్నారు కదా.

పటమటలంక
ఆ మూడూ వద్దు. అన్నం, సెర్‌లాక్ పిండిపదార్థం, పీచు లేదు, పొట్టలో పులిసి గ్యాస్ అవుతుంది. పాలు, పెరుగు గడ్డి తినే జంతువు తిండే కాదు. రోజూ తినే టిమోతీ పెల్లెట్లనే పొడి మిక్సీలో తిప్పి, గోరువెచ్చని నీళ్లలో 15 నిమిషాలు నానబెట్టి, టీ జాలిలోంచి చెంచాతో నొక్కి దించండి. జావ కంటే కాస్త చిక్కగా ఉండాలి. గింజలు, ఎండు పండ్లు కలిసిన రంగురంగుల మిశ్రమం మాత్రం పనికిరాదు. ఈ పద్ధతి ఒకటి రెండు రోజులకే, మిక్సీలో పీచు మరీ సన్నమైపోతుంది కాబట్టి. కలిపింది మన ఎండల్లో బయట పెట్టకండి, ఫ్రిజ్‌లో ఉంచి 24 గంటల్లో అవగొట్టాలి. పట్టే ముందు గిన్నెను వేడినీళ్లలో ఉంచి వెచ్చబెట్టండి.

సిరంజి మూతి సన్నగా ఉంటే పీచు అడ్డం పడుతుంది, బలంగా నొక్కితే ఒక్కసారిగా చిమ్ముతుంది. 1 మి.లీ. సిరంజి మూతిని బ్లేడుతో కోసి, అంచు గోళ్ల ఆకురాయితో నున్నగా అరగదీయండి. జంతువు నాలుగు కాళ్ల మీద, తువ్వాలు చుట్టి ఉండాలి. వెల్లకిలా వద్దు. ముందుపళ్ల వెనక పక్కగా ఖాళీ ఉంటుంది, సిరంజి అక్కడినుంచి పెట్టి 0.3 నుంచి 0.5 మి.లీ. వదిలి, నమిలి మింగేదాకా ఆగాలి. నమలకపోతే ఇంకో చుక్క వేయొద్దు.

బ్రాడీపేట గరిక
"నమలకపోతే వేయొద్దు" అని మీరే అన్నారు చూశారా, నేను చెప్పేదీ అదే. నడుస్తోందా, తలెత్తి చూస్తోందా, పరక అందిస్తే దవడ ఆడుతోందా, ఇవి చూశాకే సిరంజి. రాత్రి 10 దాకా ఒక్క పరకా నమలకపోతే అప్పుడు మొదలుపెట్టండి, నాకు అభ్యంతరం లేదు.

కుట్లు_కట్లు
10 గంటలు నాకు సమ్మతమే, ఒక మెలికతో. సిరంజి పట్టే ముందు పొట్ట చూడండి. మెత్తగా ఉంటే పట్టొచ్చు. డోలులా బిగిసి, వేలితో తడితే డబడబమంటుంటే తిండి పట్టొద్దు. అది గ్యాస్‌తో ఉబ్బడం, ఎక్స్‌రే కావాలి, లోపలికి నెట్టేకొద్దీ ముదురుతుంది. ఒళ్లు ముడుచుకుని, వెంట్రుకలు లేపుకుని, పళ్లు కరకరమని కొరుకుతూ కూర్చున్నా నొప్పి అదుపులో లేనట్టే, డాక్టర్‌కి ఫోన్ చేయాలి. 12 గంటలు పెంటికలు లేకపోతే తెల్లారేదాకా ఆగకూడదు. రాత్రి ఎవరు ఫోన్ ఎత్తుతారో పగలే అడిగి పెట్టుకోండి. గన్నవరం వెటర్నరీ కాలేజీ ఊరికి దగ్గరే ఉందని ధీమాగా ఉంటారు, అర్ధరాత్రి ఎవరుంటారో కనుక్కోరు.

ఇంకొకటి. "ముందురోజు రాత్రి నుంచి ఏమీ పెట్టకండి" అనేది కుక్కల మాట. గినీ పిగ్ వాంతి చేసుకోలేదు, రాత్రంతా పస్తు దీనికి అక్కర్లేదు, పైగా చేటు. మత్తుకి కాసేపు ముందు తిండి తీసి, నోట్లో మిగిలింది కడిగితే చాలు. రాత్రి నుంచి పస్తున్నదానికి ఆపరేషన్ రాత్రి పేగు ఆగితే అది సిరంజి తప్పు కాదు.

ఏసీ26
వేడి సంగతి ఎవరూ ఎత్తలేదేం? మే నెలలో బెజవాడలో ఏ రాత్రి తినిపించాలా అన్నది రెండో ప్రశ్న. గది 27 దాటితేనే వీటికి ఇబ్బంది మొదలు, మనకి 40 పైన ఉంటుంది. అత్యవసరం కాని ఆపరేషన్ నవంబర్ నుంచి జనవరిలోపు పెట్టుకోండి. వేసవిలో తప్పదంటే ఏసీ 24–26, గాలి సూటిగా పంజరం మీద పడకూడదు. కూలర్ వద్దు, గది చెమ్మవుతుంది, కుట్లు ఆరవు. ఆటోలో మిట్టమధ్యాహ్నం తీసుకెళ్లొద్దు.

కుట్లు_కట్లు
ఏసీ26 గారూ, సగం నిజం. మత్తు దిగేటప్పుడు ఒంటి వేడి పడిపోతుంది, అలాంటిదాన్ని నేరుగా ఏసీ ముందు పెడితే కోలుకోవడం ఆలస్యమవుతుంది, పేగూ మందగిస్తుంది. మొదటి కొన్ని గంటలు గోరువెచ్చని నీళ్ల సీసా తువ్వాల్లో చుట్టి పంజరంలో ఒక పక్కనే పెట్టండి. వేడి ఎక్కువైతే పక్కకి జరిగే చోటుండాలి. చెవులు వెచ్చబడి, తిరగడం మొదలుపెట్టాక సీసా తీసేయండి. అక్కడినుంచి మీరు చెప్పిన ఏసీ లెక్కే.

ఈగల మాట కూడా రాయండి. వానాకాలంలో కుట్ల మీద ఈగ వాలితే ఒక్క రోజులో పురుగు పడుతుంది. పంజరానికి దోమతెర కప్పండి. కింద రంపపు పొట్టు తీసేసి లేత రంగు ఫ్లీస్ బట్ట పరిచి రోజుకి రెండుసార్లు మార్చండి, రక్తపు చుక్క పడినా కనపడుతుంది. పోగులూడే పాత నూలు బట్ట కాలికి చుట్టుకుంటుంది.

మిక్సీజార్
కుట్ల మీద పసుపు, కొబ్బరినూనె? మా చుట్టుపక్కల అందరూ అదే అంటారు.

కుట్లు_కట్లు
వద్దండీ. నూనెకి దుమ్ము, వెంట్రుకలు అంటుకుంటాయి. పసుపు రంగుకి ఎరుపు దాగిపోతుంది, మనం రోజూ వెతికేదే ఆ ఎరుపు. పైగా అది నాకేస్తుంది. ఏమీ రాయకుండా పొడిగా వదిలేయండి. అంచులు విచ్చినా, గట్టి ఉబ్బు వచ్చినా చూపించాలి. గినీ పిగ్‌కి చీము నీళ్లలా కారదు, పనీర్‌లా గడ్డకడుతుంది, అందుకే మగవాటిలో వృషణాల సంచిలో గడ్డ కట్టినా బయటికి ఏమీ కారదు. రోజూ వేళ్లతో తడిమి చూడాల్సిందే. కుట్లు నాకకుండా మెడకి కట్టే కోన్ కూడా తప్పనిసరైతే తప్ప వద్దు. గినీ పిగ్ తన మెత్తని పెంటిక తానే నోటితో అందుకుని తింటుంది, కోన్ ఉంటే అదీ పోతుంది, గడ్డీ అందదు.

పటమటలంక
తూకం గురించి ఒక మాట. వంటింటి డిజిటల్ తూకం, రోజూ ఒకే వేళ, గ్రాముల్లో రాయాలి. 900 కాస్తా 810కి వచ్చిందంటే పదో వంతు పోయినట్టు, అంతదాకా రానివ్వకూడదు. ఒకటి రెండు రోజులు 20, 30 గ్రాములు తగ్గడం మామూలే. విటమిన్ సి రోజూ కావాలి. మామూలు రోజుల్లో కిలోకి 10 నుంచి 30 మి.గ్రా., కోలుకునేటప్పుడు 30 నుంచి 50. తినగలిగితే క్యాప్సికం ముక్క చాలు. నీళ్ల సీసాలో కలపకండి, గంటల్లో చెడిపోతుంది, రుచి మారి నీళ్లు తాగడం కూడా తగ్గిస్తుంది.

బ్రాడీపేట గరిక
జత సంగతి తేల్చండి. రెండోదాన్ని విడదీస్తే ఇదీ అదీ రెండూ దిగులు పెట్టుకుంటాయి. పక్కన ఒకటి గడ్డి నములుతుంటే చూసి ఇదీ నములుతుంది, సిరంజి కంటే అది పెద్ద మందు. మత్తు దిగి నడవగానే కలిపేయాలి.

కుట్లు_కట్లు
ఆ రాత్రికి మాత్రం మధ్యలో జాలీ పెట్టి పక్కపక్కనే ఉంచండి అంటాను. రెండూ ఒకే పంజరంలో ఉంటే ఎవరి పెంటికలు ఎవరివో తెలియదు. 12 గంటల లెక్క పెట్టాల్సిన రాత్రి అది. జతది మీదికి ఎక్కేది, కుట్లు కొరికేది అయితే ఇంకా రెండు రోజులు జాలీ ఉంచండి. ర్యాంపులు, పై అంతస్తు 10 నుంచి 14 రోజులు వద్దు.

బ్రాడీపేట గరిక
పెంటికలు లెక్కపెట్టడానికి దాన్ని ఒంటరి చేయడం నాకు ఎక్కదు. సరే, జాలీ అంటున్నారు కాబట్టి ఊరుకుంటున్నా.

ఏసీ26
మగదానికి ఆపరేషన్ చేయించి, జత ఆడదానికి చేయించకపోతే? నాలుగు వారాలు చాలంటారు కొందరు.

కుట్లు_కట్లు
ఆరు వారాలు. వృషణాలు తీసినా నాళాల్లో మిగిలిన వీర్యకణాలతో కొన్ని వారాలు చూలు కట్టించగలదు. నాలుగు వారాలన్నది తక్కువ అంచనా. ఆడది ఇంతవరకు ఈననిదై, ఏడెనిమిది నెలలు దాటి ఉంటే కటి ఎముకల కీలు బిగుసుకుపోయి కాన్పు కష్టమవుతుంది, చూలు మోసేది 59 నుంచి 72 రోజులు. రెండు వారాలు ఎక్కువ ఆగితే పోయేదేమీ లేదు. ఈ ఆరు వారాలూ జాలీ గట్టిదై ఉండాలి, ఎక్కి దాటే ఎత్తు అయితే దాటుతుంది.

పటమటలంక
గరిక గారూ, 10 గంటల దాకా ఆగడానికి ఒప్పుకుంటున్నా, కానీ ఉదయం 5 విడత మాత్రం మానేది లేదు. రాత్రంతా కొరికింది ఒక పరకే అయితే తెల్లారి తూకం చూసే లోపే ఆ పూట పోయినట్టు.

బ్రాడీపేట గరిక
5కి పెంటికలు చూడండి. గట్టిగా, ఎప్పటి సైజులో పది పదిహేను ఉంటే సిరంజి పక్కన పెట్టి గరిక పెట్టండి. చిన్నవై, గొలుసులా అతుక్కుని ఉంటే మీ మాటే.