ఈడిపస్‌ది గుణదోషమా, పొరపాటా?

పరిషత్ పాతకాపు:

మా అమ్మాయి డిగ్రీ ఇంగ్లీషు నోట్సు రాత్రి తిరగేశాను. అందులో ఒక పట్టిక ఉంది. మాక్‌బెత్‌కి అత్యాశ, ఒథెల్లోకి అనుమానం, హామ్లెట్‌కి తాత్సారం, ఈడిపస్‌కి అహంకారం. నాయకుడికో లోపం, ఆ లోపంతో పతనం, రెండు మార్కులు. ముప్పై ఏళ్లుగా పరిషత్తుల్లో నాటకాలు ఆడుతున్నవాణ్ణి, చూసి మనసుకు కష్టమనిపించింది. ఈడిపస్ పతనానికి అహంకారమే కారణమని ఎవరైనా నాటకంలోంచి చూపించగలరా?

చదవనివాళ్ల కోసం సోఫోక్లిస్ రాసిన ఆ గ్రీకు నాటకం కథ చెప్తాను. థీబ్స్ రాజు లేయస్‌కి పుట్టే కొడుకు తండ్రిని చంపుతాడని జోస్యం. పసివాడి కాళ్లు గుచ్చి కట్టి, కొండమీద వదిలేయమని గొర్రెల కాపరికి ఇచ్చేస్తారు. అతను జాలిపడి కొరింత్ నుంచి వచ్చిన ఇంకో కాపరి చేతిలో పెడతాడు, అలా ఆ బిడ్డ కొరింత్ రాజు ఇంట పెరుగుతాడు. పెద్దయ్యాక డెల్ఫీలో జోస్యం చెప్పే గుడికి వెళ్తే, తండ్రిని చంపి తల్లిని పెళ్లాడతావని చెప్పారు. పెంచినవాళ్లే కన్నవాళ్లనుకుని, వాళ్లకి తనవల్ల కీడు జరక్కూడదని ఊరే వదిలేశాడు. మూడు బాటలు కలిసేచోట బండిలో వస్తున్న ముసలాయన తలమీద కొడితే తిరగబడి చంపాడు. ఆయనే లేయస్. తర్వాత స్ఫింక్స్ అనే రాక్షసి వేసిన పొడుపు విప్పి థీబ్స్‌ని కాపాడి, అక్కడి రాణి జొకాస్టాని పెళ్లాడాడు. ఆమే కన్నతల్లి. పుట్టకముందే పడిన శిక్షకి గుణదోషం, అంటే స్వభావంలో లోపం, ఎక్కణ్ణుంచి తెస్తారండీ?

గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్ నాటకాల గురించి రాసిన ‘పొయెటిక్స్’ 13వ అధ్యాయంలో వాడిన మాట ‘హమార్తియా’. గురి తప్పడం అనే అర్థమున్న క్రియ నుంచి పుట్టిన మాట అది. మన ‘తప్పు’ కూడా అలాంటిదే కదా. గురి తప్పింది, దారి తప్పింది, తప్పు చేశాడు, అంతా ఒకే మాట. దుర్మార్గం వల్ల కాకుండా ఏదో ఒక హమార్తియా వల్ల పడిపోయేవాడే విషాద నాయకుడని ఆయన చెప్తే, అది ఇంగ్లీషులో ‘ట్రాజిక్ ఫ్లా’ అయి, మన నోట్సుల్లోకి ‘లోపం’గా దిగింది. బాణం గురి తప్పితే విల్లులో పగులుందని తేల్చేసినట్టుంది నాకు.

నీరజ వైజాగ్:

మాస్టారూ, మాట పుట్టుక బాగుంది, కానీ మీరు నాటకంలో సగమే చెప్పారు.

నీ తండ్రిని నువ్వు చంపుతావని దేవుడి నోట విన్నవాడు మొట్టమొదట చేయాల్సిన పని ఏంటి? తండ్రి వయసున్న మనిషిమీద చెయ్యెత్తకపోవడం. పైగా తను ఆ తల్లిదండ్రుల బిడ్డ కాదని అంతకుముందే ఒక తాగుబోతు విందులో అన్నాడు, ఆ అనుమానం తీరకే డెల్ఫీకి వెళ్లాడు. అక్కడ దానికి జవాబు దొరకలేదు. అలాంటప్పుడు దారిలో ఒక్క దెబ్బకి బదులుగా ఆ ముసలాయన్నే కాదు, వెంట ఉన్నవాళ్లని కూడా చంపాడు. అందర్నీ చంపేశానని తనే చెప్తాడు, ఒక్కడు తప్పించుకున్న సంగతి అప్పుడు అతనికి తెలీదు. దీన్ని పొరపాటు అంటే నేను ఒప్పుకోను.

అదే కోపం నాటకం పొడుగునా కనిపిస్తుంది. గుడ్డి జోస్యుడు టైరీసియస్ లేయస్ హంతకుడెవరో చెప్పనని బతిమాలితే, ఆ హత్య వెనక నువ్వే ఉన్నావంటాడు. బావమరిది క్రియాన్‌మీద ఏ సాక్ష్యం లేకుండా కుట్ర అంటగట్టి, వెళ్లగొడితే చాలదు చావాల్సిందే అంటాడు. ఒక మనిషి మళ్లీమళ్లీ ఒకేలా గురి తప్పుతున్నాడంటే విల్లుని చూడాల్సిందే కదా.

గోదారిగట్టు:

నీరజ గారు చెప్పిన కోపం నిజమే, కాకపోతే ఆ కోపం వల్ల నాటకంలో ఏం మారింది? క్రియాన్‌ని నెత్తిన పెట్టుకున్నా నిజం అలాగే బయటపడేది. అతన్ని పడగొట్టింది ఆపకుండా విచారించడం. ఊళ్లో మహమ్మారితో జనం చస్తున్నారు, లేయస్ హంతకుణ్ణి పట్టుకుంటేనే తగ్గుతుందన్నారు, అందుకని మొదలుపెట్టాడు. మధ్యలో జొకాస్టాకి అర్థమైపోయి ఇంక అడగొద్దని కాళ్లావేళ్లా పడింది. కాపరి కూడా బతిమాలాడు. అతను ఆగలేదు. మంచి రాజుకి ఉండాల్సిన గుణమే అది. గుణమే ముంచితే దాన్ని దోషం అనే పేరుతో ఎలా పిలుస్తాం?

సరే, మా ఊరి కథకి వస్తాను. రాజమండ్రిలో సారంగధర మెట్ట ఉంది, సారంగధరుడి కాళ్లూ చేతులూ నరికింది అక్కడే అంటారు. అతని తండ్రి రాజరాజనరేంద్రుడు చారిత్రక పురుషుడే అయినా ఇది జనం చెప్పుకునే కథ. పావురం ఎగిరి సవతితల్లి చిత్రాంగి మేడమీద వాలింది, దానికోసం వెళ్లిన కుర్రవాణ్ణి ఆమె కోరింది, కాదన్నాడు, ఆమె రాజుకి తిరగేసి చెప్పింది, రాజు విచారణ లేకుండా శిక్ష వేశాడు. క్రీ.పూ. 428లో యూరిపిడిస్ ఆడించిన ‘హిప్పోలిటస్’ దీనికి ఎంత దగ్గరో చూడండి. అక్కడా సవతితల్లి ఫీడ్రా, కాదన్న సవతికొడుకు. ఆమె ఉరేసుకుని చేతిలో వదిలిన రాత చూసి తండ్రి థీసియస్ కొడుకుని శపిస్తాడు. ధర్మవరం రామకృష్ణమాచార్యులు ఈ సారంగధర కథని విషాదాంతంగా మార్చి నాటకం రాశారు, తెలుగులో మొదటి విషాద నాటకం అదేనంటారు. జనం కథలో సిద్ధుడొచ్చి తెగిన కాళ్లూ చేతులూ అతికిస్తాడు, ధర్మవరంవారు ఆ ఊరట కూడా మిగల్చలేదు.

నా ప్రశ్న ఏంటంటే, అందులో విషాద నాయకుడు ఎవరు? కుర్రవాడిలో ఏ దోషమూ లేదు. నా లెక్కలో రాజే. అతనిది తొందరపాటు. ఈ మాటలో దోషమూ ఉంది, పొరపాటూ ఉంది, మీ ఇద్దరూ కావాలంటే చెరిసగం పంచుకోండి.

హార్మోనియం:

నేను పద్యనాటకాల్లో పెట్టె వాయిస్తాను, గ్రీకు నాటకాలు నాకు పెద్దగా తెలీవు. బలిజేపల్లివారి హరిశ్చంద్ర మాత్రం ఎన్ని రాత్రులు వాయించానో లెక్కలేదు. కాటి సీనులో జాషువా గారి పద్యాలు ఎత్తుకోగానే వన్స్‌మోర్‌లు పడతాయి, ఆ తర్వాత చంద్రమతి పిల్లాడి శవంతో వచ్చాక ఎవరూ ఈలలు వేయరు. కన్నకొడుకు కాలాలంటే కాటి సుంకం కట్టమంటాడు హరిశ్చంద్రుడు, అప్పుడు ముందు వరసల్లో ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని ఏడవడం నేను కళ్లారా చూశాను. పూర్తి మంచివాడు పడిపోతే మనకి జాలి కలగదు, రోత పుడుతుందని అరిస్టాటిల్ అన్నాడని ఒక నటుడు నాకు చెప్పాడు. మా జనానికి కలిగింది జాలే. లోపం లేకుండానే.

శారద, డాలస్:

హార్మోనియం గారూ, మీరు చెప్పిన సీను చిన్నప్పుడు తెనాలి దగ్గర మా అమ్మమ్మ ఒళ్లో కూర్చుని చూశాను, నేనూ ఏడ్చాను. కానీ తన మాట కోసం భార్యనీ బిడ్డనీ అమ్మినవాడిలో లోపం లేదని ఇప్పుడు అనలేను. దేవతలు వచ్చి అన్నీ తిరిగిచ్చేస్తారు కాబట్టి మనం ఆ ప్రశ్న అడగకుండా ఇంటికెళ్లిపోతాం. పిల్లాడు లేవకపోతే చంద్రమతి ఆయన్ని ఏమడిగేది?

నాకు ఈ చర్చలో ముఖ్యమనిపించేది విల్లీ లోమన్. 1949 ఫిబ్రవరిలో న్యూయార్క్‌లో ఆడిన ఆర్థర్ మిల్లర్ నాటకం ‘డెత్ ఆఫ్ ఎ సేల్స్‌మన్’. ఆ నెలలోనే మిల్లర్ పత్రికలో వ్యాసం రాసి, మామూలు మనిషి కూడా రాజుల్లాగే విషాద నాయకుడు కాగలడన్నాడు. విల్లీ వయసు అరవై దాటింది, ఊరూరూ తిరిగి సరుకమ్మే మనిషి. జనానికి నచ్చితే చాలు, వ్యాపారం అదే నడుస్తుందని జీవితమంతా నమ్మాడు. ఉద్యోగం పీకేశారు. పక్కింటి చార్లీ ఉద్యోగం ఇస్తానంటే తీసుకోడు, అతని దగ్గర అప్పు మాత్రం తీసుకుంటాడు. చివరికి ఇరవై వేల డాలర్ల ఇన్సూరెన్స్ కొడుక్కి వస్తుందని కారు గుద్దేసుకుని చచ్చిపోతాడు. ఇంటి అప్పు ఆఖరి వాయిదా కట్టింది అంత్యక్రియల రోజున.

మా నాన్న మందుల కంపెనీ రిప్రజెంటేటివ్. టార్గెట్లు కుదరక యాభై రెండేళ్లకి ఇంటికి పంపేశారు. తోడల్లుడు తన షాపులో లెక్కలు చూడమంటే, వాడి కింద చెయ్యను అని రెండేళ్లు ఇంట్లో కూర్చున్నారు. ఆ రెండేళ్లూ మా అమ్మ టెన్షన్ నాకు తెలుసు. ఆ నాటకం మొదటిసారి చదివినప్పుడు చార్లీ సీను దగ్గర పుస్తకం మూసేశాను. మా నాన్నది పొగరా? ఆ కంపెనీది అన్యాయమా? ఈ రెంటినీ విడదీయడం నాకు ఇప్పటికీ చేతకావడం లేదు. ఆ నాటకంలో కూడా సమాధి దగ్గర ఇదే వాదన జరుగుతుంది. కన్న కొడుకు బిఫ్, నాన్న కలలే తప్పుడు కలలు అంటాడు. చార్లీ మాత్రం ఈ మనిషిని ఎవరూ తప్పుబట్టడానికి వీల్లేదు అంటాడు.

పరిషత్ పాతకాపు:

శారదమ్మా, మీ నాన్నగారి సంగతి చదివాక కాసేపు ఏమీ రాయలేకపోయాను. ‘లోపం’ అన్న మాట అంటే నా భయం అదే. పడిపోయినవాడిలో లోపం దొరికిందంటే మనకి హాయిగా ఉంటుంది, మనలో అది లేదు కాబట్టి మనం పడమని ధైర్యం. ‘పొరపాటు’ అంటే ఆ ధైర్యం ఉండదు, అది ఎవరికైనా జరుగుతుంది.

నీరజా, మూడు బాటల దగ్గర హత్య గురించి సోఫోక్లిసే తర్వాత జవాబిచ్చాడు. ఆయన పోయాక క్రీ.పూ. 401లో ఆడిన ‘ఈడిపస్ ఎట్ కొలోనస్’ నాటకంలో ముసలి ఈడిపస్ క్రియాన్‌ని నిలదీస్తాడు. నిన్ను చంపడానికి ఒకడు మీదకొస్తే, నువ్వు నా తండ్రివా అని అడుగుతావా, ముందు ప్రాణం కాపాడుకుంటావా అని.

ఇంకొకటి. భాసుడి సంస్కృత నాటకం ‘ఊరుభంగం’ చూడండి. దుర్యోధనుడిలో లోపాలు వెతకనక్కర్లేదు, భారతమంతా అవే. అయినా తొడలు విరిగి పడున్న తండ్రి ఒళ్లోకి ఎక్కుతానని చిన్నవాడు దుర్జయుడు వస్తే, వద్దని చెప్పాల్సి రావడం దగ్గర ఆ లోపాల చిట్టా ఎవరికి గుర్తొస్తుంది?

నీరజ వైజాగ్:

కొలోనస్‌లో మాట్లాడేది ముద్దాయి మాస్టారూ, అతను అలా అనక ఇంకేమంటాడు. కానీ ఆ ధైర్యం గురించి మీరన్నది నాకు తగిలింది, శారద గారు రాసింది చదివాక ఇంకా. ఈడిపస్ విషయంలో నా మాట నాదే. దుర్జయుడి సీనుకి మాత్రం నా దగ్గర జవాబు లేదు.

నన్ను పట్టి వదలనిది సోఫోక్లిస్ ‘యాంటిగనీ’లో రాజైన క్రియాన్. మేనల్లుడి శవాన్ని పూడ్చకూడదని శాసనం, పూడ్చిన మేనకోడలు యాంటిగనీని ప్రాణంతో గుహలో మూసేయడం, ఇదంతా మొండితనం, గుణదోషమే. తర్వాత టైరీసియస్ మాటకి భయపడి మనసు మార్చుకుంటాడు. కోరస్, అంటే ఊరిపెద్దల బృందం, ముందు ఆ పిల్లని విడిపించు, తర్వాత శవానికి సమాధి కట్టు అంటుంది. అతను వెళ్లి ముందు శవాన్ని కడిగి, దహనం చేసి, దిబ్బ పోసి, అప్పుడు గుహకి వెళ్తాడు. అప్పటికే ఆ పిల్ల ఉరేసుకుంది. ఆమెని పెళ్లాడాల్సిన కొడుకు హీమన్ తండ్రి కళ్లముందే కత్తితో పొడుచుకున్నాడు, ఆ కబురు విని భార్యా పోయింది. మొండితనం అప్పటికి పోయింది మాస్టారూ. మిగిలింది ఏ పని ముందు, ఏది తర్వాత అన్నదే.