ఎనిమిది నెలల ఆడ జర్మన్ షెపర్డ్: ఆపరేషన్ ఇప్పుడా, రెండేళ్ళు నిండాకా?

మాగుంట లేఔట్, నెల్లూరు

మా పాపకి ఎనిమిదో నెల నడుస్తోంది. 24 కిలోలుంది. ఇంకా ఎదకు రాలేదు. మేం చూపించే డాక్టర్ గారు "మొదటి ఎద రాకముందే గర్భసంచి తీయించేయండమ్మా, రొమ్ముల్లో గడ్డలు రావు" అంటున్నారు. ఒంగోల్లో ఇదే జాతిని పెంచే మా పెదనాన్న కొడుకేమో రెండేళ్ళు నిండేదాకా కత్తి పడనీయొద్దంటాడు. ఇద్దరూ నా మంచి కోరేవాళ్ళే. మాది మేడ మీద వాటా. అత్తగారు, ఇద్దరు పిల్లలు. వీధిలో కుక్కలు ఎక్కువ. దీన్ని ఈనించే ఉద్దేశం అసలు లేదు. చేయించినవాళ్ళుంటే ఏ వయసులో చేయించారో, తర్వాత ఎలా ఉందో చెప్పండి.

ఒంగోలు

అక్కా, నేనూ మీ అన్న పక్షమే. కుక్కపిల్ల కాళ్ళ ఎముకల చివర్లో మెత్తటి పలకలుంటాయి, ఎముక పెరిగేది అక్కడే. అండాశయాల నుంచి వచ్చే హార్మోన్ ఆ పలకల్ని సమయానికి మూసేస్తుంది. గర్భసంచితో పాటు అండాశయాలూ ముందే తీసేస్తే ఎముక పెరగాల్సిన దానికన్నా పొడుగు సాగుతుంది, మోకాలి వాలు మారుతుంది, మోకాలి లోపల ఎముకల్ని కట్టి ఉంచే లిగమెంట్ మీద భారం పడుతుంది. చిన్న జాతులకు దీనివల్ల పెద్దగా తేడా రాదు. ముప్పై కిలోల కుక్కకు వస్తుంది.

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ వాళ్ళు 1,170 జర్మన్ షెపర్డ్‌ల రికార్డులు చూసి 2016లో రాశారు. ఏడాదిలోపు ఆపరేషన్ అయిన ఆడవాటిలో 16 శాతానికి ఏదో ఒక కీళ్ళ జబ్బు వచ్చింది. చేయించనివాటిలో 5 శాతానికి. మగవాటిలో 21, 7. ఏడాదిలోపు చేయించిన ఆడవాటిలో 7 శాతానికి మూత్రం తెలియకుండా కారిపోయే ఇబ్బంది కూడా వచ్చింది. 2020లో 35 జాతుల మీద వాళ్ళే ఇంకో పేపర్ రాశారు, ఈ జాతికి రెండేళ్ళు దాటాకే మేలన్నారు.

కావలి

తమ్ముడూ, నువ్వు చెప్పిన 2016 పేపర్లోనే ఇంకో లెక్కుంది, అదీ చెప్పాలి. ఆపరేషన్ చేయించని ఆడవాటిలో 4 శాతానికి రొమ్ము క్యాన్సర్, ఏడాదిలోపు చేయించినవాటిలో 1 శాతం కూడా లేదు.

నాకు గట్టిగా తెలిసింది గర్భసంచిలో చీము. మా దానికి ఆరేళ్ళప్పుడు వచ్చింది. రెండేళ్ళకు చేయిద్దామనే అనుకున్నాం. ఆ ఏడు మా అమ్మాయి పెళ్ళి, తర్వాతేడు ఇల్లు కట్టడం, అట్లా జరిగిపోయింది. ఒక ఎండాకాలం ఎద అయిపోయిన నెలకి నీళ్ళు తెగ తాగడం మొదలెట్టింది. ఎండలకి తాగుతోందిలే అనుకున్నాం. చీము బయటికి కారితే కనిపెట్టేవాళ్ళమేమో, మా దానికి గర్భసంచి మూతి మూసుకుపోయి లోపలే నిండింది. అన్నం మానేసిన మూడో రోజు స్కానింగ్ తీస్తే పొట్టంతా అదే. రాత్రికి రాత్రి కోయించాం. రెండో రోజు తెల్లారేసరికి పోయింది. స్వీడన్‌లో ఇన్సూరెన్స్ ఉన్న కుక్కల లెక్క చూస్తే, ఆపరేషన్ లేని ఆడ కుక్కల్లో పదేళ్ళలోపు దాదాపు నాలుగింట ఒకదానికి ఈ జబ్బు వస్తోంది. కుంటే కుక్కకి మందులున్నాయి, సేవ చేసుకుంటాం. ఇది అట్లా కాదు.

ఒంగోలు

చదివితే బాధేసింది అన్నా. కానీ మీ దానికి ఆరేళ్ళకొచ్చింది. నేను వద్దే వద్దనడం లేదు, రెండేళ్ళకు చేయించమంటున్నా. ఆ లోపు చీము పట్టడం అరుదు.

కావలి

రెండేళ్ళకని చెప్పుకున్నవాళ్ళలో ఎంతమంది ఆ నెలలోనే చేయిస్తారు తమ్ముడూ? నేనే చేయించలేదు. పైగా ఆ అక్క వీధి కుక్కలెక్కువంటోంది. కట్టు తెంపుకుని ఒక్కసారి బయటపడితే కడుపు ఒక్కటే కాదు, కలయికతో అంటుకునే గడ్డలూ వస్తాయి. వాటికి వారం వారం ఇంజెక్షన్లు పొడిపించాలి.

పొదిలి

మాది సేద్యం. మా నాయన ఒంగోలు కోడెలకి పళ్ళేశాకే విత్తులు నొక్కించేవాడు. ముందే నొక్కిస్తే మూపురం రాదు, మెడ దిగదు అనేవాడు. ఒళ్ళు ఎదగాలంటే ఎంతో కొంత కాలం ఆగాలనేది మాకు కొత్త మాట కాదు. మగ కుక్కైతే నేనూ ఆగమనే చెప్తా. ఆడదానికి ఈనే కష్టం వేరే ఉంది కాబట్టి ఆ లెక్క దీనికి సరిపోదేమో.

సింగరాయకొండ (పశువైద్యంలో పనిచేసి రిటైరయ్యాను)

డేవిస్ లెక్కల్ని నేను నమ్ముతాను, కానీ అవి ఒక పెద్ద ఆసుపత్రికి వచ్చిన కుక్కలవి. ఆపరేషన్ చేయించే యజమాని చిన్న కుంటుకీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తాడు, అందుకే కొన్ని జబ్బులు వాళ్ళ కుక్కల్లోనే ఎక్కువ బయటపడతాయి. అట్లాగే మీ డాక్టర్ చెప్పిన రొమ్ము గడ్డల మాట 1969 నాటి పరిశోధనది. ఆపరేషన్ చేయించని కుక్కకుండే ముప్పు నూరనుకుంటే, మొదటి ఎదకు ముందు చేయించినదానికి 0.5, ఒక ఎద తర్వాత 8, రెండు లేదా ఆపైన అయితే 26. ఈ సంగతి మీద వచ్చిన పరిశోధనలన్నీ తిరగేసిన వాళ్ళు 2012లో, ఆధారం అంత గట్టిగా లేదన్నారు. అందుకని ఒక్క ఎద పోనిస్తే కొంప మునిగినట్టు భయపడక్కర్లేదు.

అమ్మా, నేనైతే మిమ్మల్ని ఒకటే అడుగుతాను. ఎద వస్తే మూడు వారాలు మీ ఇంట్లో దీన్ని కాపాడగలరా? ఆర్నెల్లకోసారి వస్తుంది. తలుపు ఎవరు తీసినా వెనక్కి చూసుకోవాలి, బయటికి ఎప్పుడు తీసుకెళ్ళినా తాడు పట్టే మనిషుండాలి. చేయలేమనుకుంటే రేపే చేయించండి, తప్పేం లేదు. చేయగలిగితే ఒక్క ఎద పోనివ్వండి, అది తగ్గాక రెండున్నర, మూడు నెలలకు చేయించండి. అప్పటికి ఏడాది దాటి ఎముక చాలావరకు గట్టిపడుతుంది. రెండేళ్ళ దాకా లాగమని నేను చెప్పను, మన వీధుల్లో ఆ ధైర్యం నాకు లేదు.

ఇంకోటి. కీళ్ళన్నీ హార్మోన్ మీదే ఆధారపడవు. మన వైపు ప్రతి ఇంటా నున్నటి గ్రానైటే. చీమకుర్తి రాయి అందమైందే కానీ పెరిగే పిల్ల దాని మీద జారి జారి తుంటి పాడుచేసుకుంటుంది. పడుకునే చోట, తినే చోట గోనెపట్టాలు పరవండి. ఆపరేషన్ తర్వాత కుక్క ఒళ్ళు చేస్తుంది, పెరుగన్నం కొలత తగ్గించండి. కోయించే ముందు రక్త పరీక్ష తప్పనిసరి. పిడుదుల జ్వరం లోపలుంటే ప్లేట్‌లెట్లు పడిపోయి రక్తం ఆగదు. ఈ వైపు కుక్కల్లో అది చాలా చూశాను.

మాగుంట లేఔట్, నెల్లూరు

రాత్రి ఇంట్లో అందరం కూర్చుని మాట్లాడుకున్నాం. అత్తగారు పగలంతా ఇంట్లోనే ఉంటారు, మెట్ల దగ్గర ఇనప గేటు పెట్టిస్తామని మా ఆయన ఒప్పుకున్నారు. ఒక్క ఎద చూసి, తర్వాత మూడో నెలలో చేయిస్తాం. మా డాక్టర్ గారికి ఫోన్ చేసి చెప్పాను. "నాకిష్టం లేదు, కానీ తేదీ ఇప్పుడే అనుకుందాం" అన్నారు. గేటు ఈ వారంలో పెట్టించకపోతే మాత్రం ఎదకు ముందే చేయించేస్తాను.

కావలి

నేనైతే ఇప్పుడే చేయించేవాణ్ణి, ఆ మాట మీదే ఉంటాను. మీరు ఆగుతున్నారు కాబట్టి ఒక్క పని చేయండమ్మా. ఎద తగ్గిన రోజు క్యాలెండర్ మీద గుర్తు పెట్టండి. అక్కణ్ణించి ఆపరేషన్ దాకా నీళ్ళ గిన్నె కొలిచి పోయండి. కిలోకి 100 మిల్లీలీటర్లు, అంటే మీ దాని ఇప్పటి బరువుకి రోజుకి 2.4 లీటర్లు దాటి తాగితే, ఎండాకాలమైనా సరే, అదే రోజు స్కానింగ్‌కి తీసుకెళ్ళండి.