సుంకి ఘాట్ ఎక్కడానికి కోన్ ఫిల్టర్ పనికొస్తుందా?

కోరాపుట్_చిన్నా: మాది 1.2 లీటర్ల పెట్రోల్ బండి, గాలిని ఇంజిన్‌లోకి బలంగా తోసే టర్బో లేదు. విజయనగరం నుంచి వస్తూ సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కేటప్పుడు ఏసీ వేస్తే చాలు, సెకండ్ గేర్‌లో కూడా నీరసపడిపోతోంది. ఎయిర్ ఫిల్టర్ డబ్బా పీకేసి పైపు, దాని చివర శంకు ఆకారంలో ఉండే కోన్ ఫిల్టర్ పెట్టుకోమంటున్నారు ఫ్రెండ్స్. ఇంట్లో చేసుకోవచ్చా?

ఘాట్‌రాజా (జయపురం): నిక్షేపంగా చేసుకో తమ్ముడూ. ఒక ఆదివారం పని. ఇంజిన్‌లోకి గాలి వెళ్లే త్రాటిల్ బాడీ మూతి కొలుచుకుని హార్డ్‌వేర్ షాపుకెళ్లు. పీవీసీ పైపు, రబ్బరు జాయింట్లు, క్లాంపులు చాలు. గాలి వేడి చూసే సెన్సార్‌కి పైపులో కన్నం పెట్టి రబ్బరు గ్రోమెట్ వెయ్యి. ఇంజిన్ లోపలి ఆవిర్లు వదిలే బ్రీదర్ గొట్టాన్ని ఊరికే వదిలెయ్యకు, దాన్నీ ఈ పైపుకే కలుపు. మొదటి వంపులోనే తేడా తెలుస్తుంది.

పాత_డీజిల్ (పర్లాకిమిడి): తేడా తెలిసేది చెవికి బాబూ. ఆ డబ్బా, రెసొనేటర్ ఉన్నది గాలి పీల్చే మోత తగ్గించడానికి కూడా. పీకేస్తే గుర్రుమంటుంది, బండి దూకుతున్నట్టు అనిపిస్తుంది. కోరాపుట్ దాదాపు 870 మీటర్ల ఎత్తు. అక్కడ గాలి పీడనమే సుమారు 10 శాతం తక్కువ. టర్బో లేని ఇంజిన్‌కి ఆ లోటు ఏ ఫిల్టరూ తీర్చలేదు. పైగా సగం పెడల్ మీద వెళ్తుంటే గాలిని అడ్డుకునేది పెడల్‌తో తెరుచుకునే త్రాటిల్ రేకు. ఫిల్టర్ సంగతి పూర్తిగా తొక్కినప్పుడే.

బరంపురం_బుజ్జి: పీవీసీ అంటే బోరుకి వేసే పైపేనా? నీలిదా, తెల్లదా?

ఘాట్‌రాజా: ఏదైనా ఒకటే గురూ.

పాత_డీజిల్: రంగు ఏదైనా పీవీసీ 80 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. ఇంజిన్ వేడి పొగ బయటికొచ్చే ఎగ్జాస్ట్ మేనిఫోల్డ్ పక్కనుంచి పోతే వంగుతుంది.

ఘాట్‌రాజా: నా పైపు ఎండాకాలం దాటింది. వంగలేదు.

నాగావళి: నూనె పూసే కాటన్ ఫిల్టర్ కొంటే నూనె తక్కువ పూయండి. లోపలికెళ్లే గాలిని కొలిచే మాస్ ఎయిర్‌ఫ్లో సెన్సార్ ఉన్న బండ్లలో దాని మీద పేరుకుంటే చెక్ ఇంజిన్ లైటే.

గుణుపురం_మాస్టారు: మోటారు వాహనాల చట్టం కూడా చూసుకోండి. 2019 సవరణ తర్వాత అనుమతి లేని ఒక్కో మార్పుకీ 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా ఉంది.

ఘాట్‌రాజా: మాస్టారూ, చెక్‌పోస్టులో బానెట్ ఎత్తి చూసినవాణ్ణి నేనింతవరకు చూడలేదు.

పాత_డీజిల్: స్కానర్ పెట్టి చూశావా? ట్రాఫిక్‌లో ఆగినప్పుడు లోపలికెళ్లే గాలి ఎన్ని డిగ్రీలు? కంపెనీ డబ్బా ముక్కు బయటి గాలిని తెస్తుంది. నీ కోన్ రేడియేటర్ వెనక వేడినే పీలుస్తుంది. నంబర్ చెప్పు.

ఘాట్‌రాజా: నంబర్లు ఎవడిక్కావాలి? నా ఏసీ కంప్రెసర్ పోతే సర్వీస్ సెంటర్‌వాడు ఈ పైపు చూపించి వారంటీ లేదన్నాడు. ఏసీకీ పైపుకీ ఏంటి సంబంధం? చిన్న పనికీ వైజాగ్ పరిగెత్తే బతుకులు మనవి. మన చేత్తో మనం నేర్చుకోకపోతే ఎలా?

పాత_డీజిల్: నేర్చుకో, ఎవడొద్దన్నాడు? పదిమందికి నూరిపోయడం దేనికి? వానలకి ముందు నువ్వు పెట్టిన ఫోటోలు చూసే మా తమ్ముడి కొడుకు బిగించాడు. చల్లగాలి కోసమని కోన్‌ని బంపర్ వెనక, ఫాగ్ లాంప్ పక్కకి దింపాడు. రోడ్డు మీద మోకాలిలోతు నీళ్లు. సిలిండర్‌లోకి నీళ్లెళ్తే ఇంకేముంది, పిస్టన్ నొక్కినా నీరు అణగదు, కనెక్టింగ్ రాడ్ వంగింది. ఇంజిన్ ప్రొటెక్ట్ కవర్ లేదని ఇన్సూరెన్స్ వాళ్లు చేతులు దులుపుకున్నారు. ఆ రాడ్ తెచ్చి నా చేతిలో పెట్టాడు మెకానిక్. అరటిపండులా ఉంది.

ఘాట్‌రాజా: ఇదా సంగతి! ఇందాకట్నుంచీ డిగ్రీలు, శాతాలు అని నన్ను తిప్పింది ఇందుకా? ఫోటో మళ్లీ చూడండి. కోన్ బ్యాటరీ పక్కన, పైన ఉంది. కిందకి దింపమని నేనెక్కడ రాశాను?

పాత_డీజిల్: దింపొద్దని రాశావా? కింద ‘సూపర్ అన్నా’ అని కామెంట్లు పడుతుంటే మురిసిపోయావు. కొత్తగా లైసెన్స్ వచ్చిన కుర్రాడికి ఏం తెలుస్తుంది?

ఘాట్‌రాజా: తెలియనివాడికి బండి తాళం ఇచ్చింది నేనా, మీ ఇంట్లోవాళ్లా?

గుణుపురం_మాస్టారు: ఇళ్లదాకా వెళ్లకండి బాబూ. చిన్నా ఏమయ్యాడు?

బరంపురం_బుజ్జి: నేను తెల్ల పైపు కొనేశాను.

కోరాపుట్_చిన్నా: ఇక్కడే ఉన్నానన్నా. మీరు కొట్టుకుంటుంటే మధ్యలో ఎందుకని. నిన్న మెకానిక్ దగ్గర డబ్బా విప్పించాను. పేపర్ ఫిల్టర్ మడతలు ఎర్రదుమ్ముతో అట్టకట్టాయి. దాని కింద ఎలక గూడు: స్పాంజి ముక్కలు, వేరుశనగ తొక్కలు, ఎవరిదో బస్సు టికెట్టు. కొత్త ఫిల్టర్ వేయించాను. ఘాట్ ఇంకా ఎక్కలేదు.

ఘాట్‌రాజా: చూశావా! కోన్ అయితే ఎలక గూడు కట్టదు.

పాత_డీజిల్: కట్టదు. కొరుకుతుంది. ఆ కన్నంలోంచి దుమ్మంతా నేరుగా సిలిండర్‌కే.