‘ఎత్తు’ ఒకరిదా, ఇద్దరిదా? ‘ప్లై’కి తెలుగు మాట కావాలి

రాయగడ నుంచి:

అందరికీ నమస్కారం. ఆదివారాలు మా వసారాలో పదిమంది పిల్లలకు చదరంగం నేర్పుతుంటాను. వాళ్లకు ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, ఇంగ్లీషు. ఆట మాత్రం తెలుగులోనే చెప్పాలని నా పట్టుదల. ఈ నెల కంప్యూటర్లు చదరంగం నేర్చుకున్న కథ చెబుదామని నోట్సు రాస్తూ ‘ప్లై’ అనే మాట దగ్గర ఆగిపోయాను.

ఇంగ్లీషులో ‘మూవ్’ అని లెక్కపెడితే తెల్లవారిదీ నల్లవారిదీ కలిపి ఒకటి. అందులో ఒక్కరి వాటాకు వేరే మాట కావలసి వచ్చింది. చెకర్స్ అనే బల్ల ఆట ఆడే ప్రోగ్రాం రాసిన ఆర్థర్ శామ్యూల్ 1959 నాటి వ్యాసంలో దాన్ని ‘ప్లై’ అన్నాడు. ప్లైవుడ్‌లో పొర ఉంటుందే, ఆ ప్లై.

నాకేమనిపిస్తుందంటే, మనకు ఆ ఇబ్బందే లేదు. ‘ఎత్తుకు పైఎత్తు’ అని ఎప్పటి నుంచో అంటూనే ఉన్నాం. నాది ఎత్తు, అవతలివాడి జవాబు పైఎత్తు. ఒక్కొక్కటీ ఒక్కో పొర.

ఈ రెండు మాటలతో పాఠం ఎంత తేలికవుతుందో చూడండి. 1950లో గణితవేత్త క్లాడ్ షానన్ వేసిన లెక్క ఇది: ఒక స్థితిలో సుమారు 30 ఎత్తులు వేయొచ్చు, ఒక్కోదానికి సుమారు 30 పైఎత్తులు. అంటే ఒక ఎత్తూ ఒక పైఎత్తూ కలిసేసరికి వెయ్యికి దగ్గరగా దారులు. ఆట ఇలా 40 సార్లు సాగిందనుకుంటే, 1 పక్కన 120 సున్నాలు. అన్నీ చూడడం ఏ యంత్రం వల్లా కాదు. మరి ఏవి వదిలేయాలి? ‘ఆల్ఫా-బీటా’ అని భయపెట్టే పేరున్న పద్ధతి చెప్పేది ఇంతే: నేను కొత్తగా చూస్తున్న ఎత్తు, ఇదివరకే చూసి పెట్టుకున్న మంచి ఎత్తు కన్నా నష్టమని తేల్చే పైఎత్తు ఒక్కటి దొరికితే చాలు. మిగతా 29 పైఎత్తులు చూడకుండా దాన్ని పక్కన పడేయొచ్చు. మా పిల్లల్లో ఏడో తరగతి అమ్మాయి దీన్ని ఒక్కసారికే పట్టుకుంది. ‘ప్లై’ అని చెప్పి ఉంటే పట్టుకునేది కాదని నా నమ్మకం.

అందుకని ‘ప్లై’ అన్నచోటల్లా ‘ఎత్తు’ అని రాసేయనా?

బరంపురం నుంచి:

మేడమ్ గారూ, ఆలోచన బాగుంది, ఒక చిక్కుంది. పేపర్లో ‘41 ఎత్తుల్లో ఆట ముగిసింది’ అని చదివితే అవి 41 జతలు. మీ లెక్కలో అవి 80 దాటాలి. ప్రోగ్రాం ఎంత ముందుకు చూస్తుందో చెప్పే ‘12 ప్లై లోతు’ను 12 ఎత్తులు అంటే, పేపరు చదివే పిల్లవాడు దాన్ని 12 జతలనుకుంటాడు. నిజానికి అది ఆరే.

ఇంకో మాట. మా ఒడియా స్నేహితులు ‘చాల్’ అంటారు, అంటే నడక. మన ‘ఎత్తు’లో నాకు పావును చేత్తో ఎత్తడమే వినిపిస్తుంది. చెయ్యి లేని యంత్రం ఎత్తు వేసింది అనడం మీకు అడ్డురాలేదా?

రాయగడ నుంచి:

చేతి సంగతి సరిగ్గా మావాళ్లూ అడిగారండీ. చరిత్రలో జవాబు ఉంది. యంత్రం ఎంత పెద్దదైనా బోర్డు ముందు కూర్చుని పావు ఎత్తింది మనిషే. 1970లో న్యూయార్క్‌లో కంప్యూటర్ల మధ్య మొదటి టోర్నమెంటు జరిగినప్పుడు ఆరు ప్రోగ్రాములు ఆడాయి. నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయం కుర్రాళ్లు రాసిన ‘చెస్ 3.0’ గెలిచింది. 1974లో స్టాక్‌హోంలో మొదటి ప్రపంచ పోటీకి 13 ప్రోగ్రాములు వచ్చాయి. నాలుగుకు నాలుగు ఆటలూ గెలిచిన రష్యన్ ‘కైస్సా’ నడిచిన కంప్యూటర్ మాస్కోలోనే ఉండిపోయింది, ఎత్తులు ఫోన్లో వచ్చేవి. 1997లో ప్రపంచ చాంపియన్ కాస్పరోవ్‌ను 3.5-2.5తో ఓడించిన ఐబీఎం కంప్యూటర్ డీప్ బ్లూ సెకనుకు 20 కోట్ల స్థితులు చూసేది. దాని తరఫున పావులు జరిపింది దాన్ని తయారుచేసిన ఇంజనీర్లే. కాబట్టి ‘ఎత్తు వేసింది’ అనడానికి నాకు అభ్యంతరం లేదు.

జతల చిక్కు మాత్రం నిజమే. దానికేం చేద్దాం?

పర్లాకిమిడి నుంచి:

అమ్మా, ‘ఆవృత్తి’ లాంటి సంస్కృతం మాట ఎవరో చెప్పేలోపే నేను రాస్తున్నా. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు మాది. పలికే మాట ఉండగా పుస్తకం మాట ఎందుకు? మనం ఆట రాసుకునే కాగితం చూడండి. ఒక నంబరు, దాని ఎదురుగా తెల్లవారిదీ నల్లవారిదీ. ఆ అడ్డగీతను మేం ‘వరస’ అంటాం. ‘34వ వరసలో నల్లవారి ఎత్తు’ అంటే ఎవరికి అర్థం కాదు?

బరంపురం నుంచి:

మేష్టారూ, ‘వరస’ చాలా బాగుంది. మీరు 34 అనగానే నాకు ఇదే కైస్సా గుర్తొచ్చింది. మేడమ్ గారు ఈ ఆట పిల్లలకు తప్పకుండా చూపించాలి. 1977, టొరంటో, రెండో ప్రపంచ పోటీ. ‘డచెస్’ అనే ప్రోగ్రాం మంత్రితో చెక్ ఇచ్చింది. కైస్సా 34వ వరసలో రాజును పక్కకు జరపకుండా ఏనుగును ఊరికే అడ్డం పెట్టింది. ఏనుగు పోయింది, తర్వాత ఆటా పోయింది. చూస్తున్నవాళ్లందరూ ప్రోగ్రాంలో తప్పుందనుకున్నారు. అక్కడే ఉన్న మాజీ ప్రపంచ చాంపియన్ బొత్విన్నిక్‌కు కూడా కారణం తట్టలేదు. తర్వాత కైస్సానే అడిగి చూస్తే తేలింది: రాజును జరిపితే అవతలివాళ్లు మంత్రిని బలిచ్చి, శకటుతో చెక్ ఇచ్చి, ఇంకొన్ని ఎత్తుల్లో ఆటకట్టు చేసేవారు. హాల్లో ఏ మనిషీ చూడని పైఎత్తును అది చూసింది. ఈ ఆట వేసి చూసినప్పుడల్లా నాకు ఒళ్లు జలదరిస్తుంది.

మరి ‘హొరైజన్ ఎఫెక్ట్’ను ఏమంటున్నారు? ఫలానా లోతు దాటి చూడలేని ప్రోగ్రాం, తప్పించుకోలేని నష్టాన్ని ఆ గీత అవతలికి నెట్టి తప్పించుకున్నాననుకుంటుందని కంప్యూటర్ చదరంగ పరిశోధకుడు హాన్స్ బెర్లినర్ చెప్పాడే, అది.

రాయగడ నుంచి:

‘దిగంతం’ అని రాసి కొట్టేశాను. మా ఊరి చుట్టూ కొండలే, పిల్లలకు దిగంతం కనబడదు. ‘చూపుమేర’ అని పెట్టాను. ‘ఏనుగు పోవడం ప్రోగ్రాం చూపుమేర అవతల ఉంది’ అంటే వాళ్లే నవ్వుతూ తలూపారు.

మేష్టారూ, ‘వరస’ తీసుకుంటున్నాను. నోట్సులో ఇప్పుడు వాక్యం ఇలా మారింది: ‘12 ఎత్తుల లోతు, అంటే ఆరు వరసలు.’ టొరంటో ఆటను వచ్చే ఆదివారం 33వ వరస దాకా ఆడించి ఆపుతాను. మీరైతే ఏం చేస్తారని ముందు వాళ్లనే అడుగుతాను.